పొట్ట వెనుక పెద్ద గడ్డ: ఎంతవరకు కోయాలి, అంతకు ముందు ఏం తేల్చుకోవాలి

మీరు రాసిన వివరాలు ఇవి. నాన్నగారికి 62 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా పొట్ట పెరుగుతోంది, చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడ్డాయి. సీటీలో ఎడమవైపు, పేగుల వెనుక 26 సెంటీమీటర్ల కొవ్వు గడ్డ కనిపించింది. అందులో ఒకచోట 6 సెంటీమీటర్ల గట్టి ముద్ద ఉంది. ఎడమ కిడ్నీ ముందుకు, కుడివైపుకు జరిగిపోయింది. ఒక సర్జన్ గారు గడ్డ వరకే తీస్తే చాలన్నారు. ఇంకొకరు కిడ్నీనీ, పెద్దపేగులో ఎడమ భాగాన్నీ కలిపి తీయాలన్నారు. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో భయపడుతున్నారు.

ముందు జవాబు చెబుతాను, కారణాలు తర్వాత. ఆ వర్ణన లైపోసార్కోమాకు, అంటే కొవ్వు కణజాలపు క్యాన్సర్‌కు, బాగా సరిపోతోంది. అదే అయితే రెండో సర్జన్ గారు చెప్పిందే సరైన ఆపరేషన్. కానీ దానికి ముందు ఆ గట్టి ముద్దలోంచి, వీపు వైపు నుంచి సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఈ జబ్బు నయమయ్యే అవకాశం మొదటి ఆపరేషన్‌లోనే ఎక్కువ. దాన్ని అరకొరగా చేయించుకుంటే తర్వాత ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లినా ఆ అవకాశం మళ్లీ రాదు. పరీక్షలకు రెండు మూడు వారాలు పట్టినా ఫరవాలేదు. నెలల తరబడి పెరిగిన గడ్డ ఆ మాత్రం ఆలస్యానికి చేయి దాటిపోదు.

పేగులను కప్పి ఉండే పల్చటి పొర పేరు పెరిటోనియం. ఆ పొరకు వెనుక, వెన్నెముకకూ నడుము కండరాలకూ ముందు ఉన్న జాగాను రెట్రోపెరిటోనియం అంటారు. కిడ్నీలు, వాటి పైనుండే అడ్రినల్ గ్రంథులు, మూత్రనాళాలు, క్లోమం, డుయోడినం అనే చిన్నపేగు మొదటి భాగంలో చాలావరకు, పెద్దపేగులో కుడి ఎడమల నిలువు భాగాలు, బృహద్ధమని, దాని పక్కన ఐవీసీ అనే పెద్ద సిర, కాళ్లకు దిగే నరాలు అన్నీ అక్కడే ఉంటాయి. వీటి మధ్య ఖాళీనంతా మెత్తని కొవ్వు నింపుతుంది, గడ్డను అడ్డుకునే గట్టి గోడ ముందువైపు ఏదీ లేదు. పేగులు పక్కకు జరిగి చోటిస్తాయి. అందుకే ఇక్కడి గడ్డలు 15, 20 సెంటీమీటర్లు దాటినా నొప్పి లేకుండా పెరుగుతాయి. చాలామందిలో వేరే దేనికో తీసిన స్కానింగ్‌లో బయటపడతాయి, లేదా పొట్ట ఎత్తుగా కనిపించాకే తెలుస్తాయి. "బానపొట్ట వచ్చింది" అనుకుని ఏడాది గడిపేసేవాళ్లు ఎక్కువ. పొట్ట పెరుగుతూ భుజాలు, తొడలు కరుగుతుంటే అది వయసు వల్ల వచ్చే లావు కాదు. ఆ రెండూ కలిసి కనిపిస్తే స్కానింగ్ తీయించాల్సిందే.

లక్షణాలు వచ్చినప్పుడు అవి గడ్డ దేన్ని నొక్కుతోందో చెబుతాయి. పొట్ట నొక్కుకుపోతే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. తుంటి సిర నలిగితే ఒక కాలు, ఐవీసీ నలిగితే రెండు కాళ్లూ వాస్తాయి. మూత్రనాళం నలిగితే ఏ నొప్పీ లేకుండానే కిడ్నీ ఉబ్బిపోతుంది. తొడ ముందుభాగం తిమ్మిరెక్కడం, మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు మడతపడటం ఫిమోరల్ నరం నొక్కుకుపోతోందనడానికి గుర్తు. వృషణం పైన సిరలు ఉబ్బి, పడుకున్నా తగ్గకపోతే, ముఖ్యంగా ఒక్క కుడివైపే అలా ఉంటే, పొట్ట స్కానింగ్ చేయించాలి. గజ్జల్లో హెర్నియా అని కోస్తే లోపల కొవ్వు ముద్ద దొరికి, అది పైనున్న లైపోసార్కోమా తోక అని తర్వాత తేలిన సందర్భాలు వైద్యంలో బాగా తెలిసినవే. హెర్నియా ఆపరేషన్‌లో తీసిన కొవ్వు మరీ పెద్దగా, గట్టిగా ఉంటే దాన్ని పారేయకుండా పరీక్షకు పంపాలి.

ఇక్కడ పెరిగేవన్నీ సార్కోమాలు (కొవ్వు, కండరం వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్లు) కావు. చికిత్స పూర్తిగా వేరుగా ఉండే జబ్బులు కొన్ని అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటిని ముందే పక్కన పెట్టాలి. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రక్తనాళాల చుట్టూ అల్లుకుంటుంది కానీ వాటిని పెద్దగా నలపదు. దానికి మందు కీమోథెరపీ, కత్తి కాదు. యువకుల్లో వృషణంలోని చిన్న క్యాన్సర్ పైకి పాకి బృహద్ధమని పక్కన పెద్ద ముద్దగా కనిపించవచ్చు. వృషణాల అల్ట్రాసౌండ్, రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే పదార్థాల స్థాయి చూస్తే ఇది తేలిపోతుంది. మన దగ్గర సోయాస్ అనే, వెన్నెముక పక్క నుంచి తొడదాకా దిగే కండరంలో క్షయ చీము గడ్డను కూడా మరవకూడదు. లోపల ద్రవం, పక్కన వెన్నుపూస డిస్కు అరిగి ఉండటం, సాయంత్రం జ్వరం దాని ఆనవాళ్లు. ష్వానోమా అనే నరపు గడ్డ సాధారణంగా అపాయం లేనిది, తొందర లేకుండా గమనిస్తూ ఉండొచ్చు, తీయాల్సి వస్తే నరాన్ని కాపాడుతూ తీస్తారు. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనేది ఒకటుంది. పెద్దగా పెరిగినప్పుడు అది ఇన్సులిన్‌లా పనిచేసే పదార్థాన్ని వదిలి, షుగరు జబ్బు లేనివాళ్లకు కూడా తెల్లవారుజామున షుగరు పడిపోయేలా చేయగలదు.

అన్నిటికంటే ప్రమాదం పారాగాంగ్లియోమాతో. ఇది అడ్రినలిన్ జాతి హార్మోన్లను రక్తంలోకి వదిలే గడ్డ. బీపీ ఉన్నట్టుండి 200 దాటడం, తలనొప్పి, చెమటలు, గుండె దడ కలిసి వస్తాయి, కొందరిలో ఏవీ రావు. తెలియకుండా సూది గుచ్చినా, మత్తిచ్చి చేయి పెట్టినా బీపీ ప్రాణాంతకంగా పెరగగలదు. కాబట్టి బృహద్ధమని పక్కన రక్తం ఎక్కువగా పారే గట్టి గడ్డ కనిపిస్తే బయాప్సీకి ముందే రక్తంలో మెటానెఫ్రిన్ (ఆ హార్మోన్లు విరిగి ఏర్పడే పదార్థం) పరీక్ష చేయించాలి. అదే అని తేలితే ఆపరేషన్‌కు ముందు కనీసం 10 నుంచి 14 రోజులు ఆల్ఫా బ్లాకర్ మందు వాడి, ఉప్పూ నీళ్లూ బాగా ఇచ్చి, ఆ తర్వాతే అవసరమైతే బీటా బ్లాకర్ మొదలుపెడతారు. ఈ వరస తారుమారు కాకూడదు. ముందు బీటా బ్లాకర్ ఇస్తే రక్తనాళాలను బిగించే ప్రభావం అడ్డులేకుండా మిగిలిపోయి బీపీ ఇంకా పెరుగుతుంది.

మీ నాన్నగారి గడ్డలో ఎక్కువ భాగం కొవ్వే. రెట్రోపెరిటోనియంలో మామూలు లైపోమా చాలా అరుదు. అక్కడ పెద్ద కొవ్వు గడ్డ కనిపిస్తే, కాదని రుజువయ్యేదాకా లైపోసార్కోమా అనే అనుకోవాలి. దీనికి ముఖ్యమైన మినహాయింపులు రెండు. కిడ్నీలోంచి పుట్టే యాంజియోమయోలైపోమా ఒకటి, దానికి కిడ్నీ అంచులో నొక్కు, లోపలికి పోయే లావు రక్తనాళాలు కనిపిస్తాయి. అడ్రినల్‌లోంచి పుట్టే మయలోలైపోమా రెండోది. సీటీని చూడగల రేడియాలజిస్టును "గడ్డ కిడ్నీలోంచి వచ్చిందా, బయటి నుంచి కిడ్నీని నెట్టిందా?" అని సూటిగా అడగండి.

లైపోసార్కోమాలో ఇక్కడ ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వెల్ డిఫరెన్షియేటెడ్, అది దాదాపు మామూలు కొవ్వులాగే ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, ఊపిరితిత్తులకు పాకదు, కానీ తీసినచోటే మళ్లీ వస్తుంది. రెండోది డీడిఫరెన్షియేటెడ్, మొదటి రకంలోనే ఒకచోట కణాలు చెడి గట్టి ముద్దగా మారడం. మీ రిపోర్టులోని 6 సెంటీమీటర్ల ముద్ద అదే కావచ్చు. చికిత్స ప్రణాళికంతా దాని గ్రేడు, అంటే కణాలు ఎంతగా చెడ్డాయన్న లెక్క, మీద ఆధారపడుతుంది కాబట్టి బయాప్సీ సూది దానిలోకే వెళ్లాలి. చుట్టూ ఉన్న కొవ్వులోంచి ముక్క తీస్తే "కొవ్వు కణాలు మాత్రమే" అన్న రిపోర్టు వస్తుంది, అది చూసి అంతా ఊపిరి పీల్చుకుంటారు. ఇది తరచూ జరిగే పొరపాటు. రిపోర్టు మామూలు కొవ్వు అన్నంత మాత్రాన స్కానింగ్‌లో కనిపించే గట్టి ముద్ద మాయం కాదు.

బయాప్సీ వల్ల పాకుతుందన్న భయానికి జవాబు: సరిగ్గా చేస్తే ఆ ప్రమాదం నూటికి ఒకటి లోపే. సరిగ్గా అంటే సీటీ చూస్తూ, పక్కటెముకల కింద నుంచి లేదా వీపు నుంచి, పేగుల సంచిలోకి వెళ్లకుండా, బయట ఒక తొడుగు సూదిని స్థిరంగా ఉంచి దాని లోపలి నుంచే 14 లేదా 16 గేజ్ సూదితో నాలుగైదు ముక్కలు తీయడం. తొడుగు ఉండటం వల్ల ప్రతిసారీ కొత్త దారి తవ్వాల్సిన పని ఉండదు. సన్నటి సూదితో కణాలు పీల్చే ఎఫ్ఎన్ఏసీ ఈ జబ్బుకు చాలదు. పొట్ట తెరిచి గానీ లాప్రోస్కోపీతో గానీ ముక్క తీయడం మాత్రం నిజంగా చెడ్డ పని. గడ్డ పొర చిరిగి కణాలు పేగుల మధ్య పడతాయి, తర్వాతి ఆపరేషన్‌కు హద్దులు కలిసిపోతాయి. తీసిన ముక్కలో ఎండీఎం2 అనే జన్యువు ప్రతులు పెరిగాయో లేదో ఫిష్ అనే జన్యు పరీక్షతో చూస్తారు. అది ఉంటే లైపోసార్కోమా అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. సార్కోమాలు అలవాటున్న పాథాలజిస్టు చేత స్లైడ్లు మళ్లీ చూపించడం ఖర్చుకు తగిన పని. ఈ జబ్బు పేరు మారితే ఆపరేషన్ కూడా మారుతుంది.

ఎలా మారుతుందంటే: ఐవీసీ గోడ కండరంలోంచి పుట్టే లియోమయోసార్కోమా అనే రకం పక్కనే మళ్లీ రావడం తక్కువ, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకడం ఎక్కువ. అక్కడ సిర గోడను పూర్తిగా తీయడం ముఖ్యం, అంటుకోని కిడ్నీని త్యాగం చేసి లాభం లేదు. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కు హద్దు స్పష్టంగా ఉంటుంది, సన్నటి అంచుతో తీసినా సరిపోతుంది. లైపోసార్కోమా దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది చంపేది ఎక్కువగా పొట్టలోనే తిరిగి వచ్చి. అందుకే మొదటిసారే దాని చుట్టూ ఉన్నదంతా కలిపి తీస్తారు.

మీ ప్రశ్నకు కీలకం ఇక్కడుంది. పొట్ట తెరిచి చూస్తే గడ్డ చుట్టూ మెరిసే పల్చటి పొర కనిపిస్తుంది. వేలు పెడితే ఆ పొర వెంట గడ్డ సులువుగా ఊడి వచ్చేస్తుంది, సర్జన్‌కు "అంతా వచ్చేసింది" అనిపిస్తుంది. ఆ పొర నిజమైన హద్దు కాదు. గడ్డ పెరుగుతూ చుట్టుపక్కల కణజాలాన్ని అణచడం వల్ల ఏర్పడింది, అందులోనూ, దాని బయటా గడ్డ కణాలు ఉంటాయి. పైగా వెల్ డిఫరెన్షియేటెడ్ భాగం ఆపరేషన్ లైటు కింద మామూలు కొవ్వులాగే పసుప్పచ్చగా, మెత్తగా ఉంటుంది. ఎక్కడ జబ్బు ఆగి ఎక్కడ మంచి కొవ్వు మొదలవుతుందో చేతికి గానీ కంటికి గానీ తెలియదు. తెలిసే దారి సీటీ ఒక్కటే. కుడివైపు కిడ్నీ చుట్టూ కొవ్వు ఎంత మందం ఉందో, ఎడమవైపు ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఎడమవైపు అదనంగా కనిపించేదంతా అనుమానించాల్సిందే.

ఇక కిడ్నీ ఎందుకు? నిజానికి లైపోసార్కోమా కిడ్నీ కండలోకి చొచ్చుకుపోవడం అరుదు. కానీ కిడ్నీని చుట్టుకుని ఉన్న కొవ్వంతా గడ్డే. కిడ్నీని నిలబెట్టాలంటే ఆ కొవ్వును కిడ్నీ పైపొర మీది నుంచి, రక్తనాళాల చుట్టూరా ముక్కలు ముక్కలుగా ఒలవాలి. అలా ఒలిచేటప్పుడు గడ్డ చిరుగుతుంది, వెనుక కొంత మిగులుతుంది. పెద్దపేగు ఎడమ భాగం సంగతీ అదే, దాని వెనుక గోడకు పెరిటోనియం ఉండదు, గడ్డకు నేరుగా ఆనుకుని ఉంటుంది. కాబట్టి కిడ్నీ, అడ్రినల్, పెద్దపేగు ఎడమ భాగం, సోయాస్ కండరం పైపొర కలిపి గడ్డను ఒకే ముద్దగా తీస్తారు. క్లోమం తోక భాగం, ప్లీహం నిజంగా అంటుకుని ఉంటేనే తీస్తారు. కుడివైపు గడ్డల్లో డుయోడినం, క్లోమం తల తీయడం ఇంకా అరుదు. అవి పక్కనే ఉన్నాయని కాక, గడ్డ లోపలికి చొచ్చుకుపోయిందని తేలితేనే అంత దూరం వెళతారు, ఎందుకంటే ఆ ఆపరేషన్ ప్రమాదం వేరే స్థాయిది. ఈ విస్తృత పద్ధతిని 2009లో మిలాన్, పారిస్ సర్జన్లు తమ ఫలితాలతో బలంగా ముందుకు తెచ్చారు. దాని మీద చాలా వాదన నడిచింది. ఇప్పుడు పెద్ద కేంద్రాలు అంగీకరించే మాట ఏమిటంటే, లైపోసార్కోమాకు విస్తృతంగా, మిగతా రకాలకు జబ్బు స్వభావాన్ని బట్టి కోయాలి.

ఆపరేషన్‌కు ముందు చూడాల్సినవి. కుడి కిడ్నీ ఒంటరిగా నెగ్గుకు రాగలదా అన్నది మొదటిది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష ఒక్కటే చాలదు, ఏ కిడ్నీ ఎంత శాతం పని చేస్తోందో విడిగా చెప్పే డీటీపీఏ వంటి రీనల్ స్కాన్ చేయించాలి. ఊపిరితిత్తులకు సీటీ తప్పనిసరి. ప్లీహం తీసే అవకాశం ఉంటే న్యుమోకోకస్, మెనింజోకోకస్, హిబ్ టీకాలు కనీసం రెండు వారాల ముందు వేయించాలి. ఇది చాలాచోట్ల మరచిపోతారు, మీరే గుర్తు చేయండి. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి ఉంటే రెండు మూడు వారాలు గుడ్లు, పాలు, ప్రోటీన్ పౌడరుతో తిండి పెంచాలి. కడుపు నిండినట్టుండేవాళ్లకు మూడు పూటల భోజనం కన్నా కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టడం పనిచేస్తుంది. రక్తం కనీసం నాలుగు యూనిట్లు సిద్ధంగా ఉండాలి, గడ్డ పెద్ద నాళాల మీద ఉంటే ఇంకా ఎక్కువ.

ఎడమవైపు గడ్డకు ఆపరేషన్ వరస ఇలా ఉంటుంది. రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు కిందిదాకా నిలువుగా కోసి, అవసరమైతే ఎడమ పక్కకు అడ్డంగా పొడిగిస్తారు. చిన్న కోత పెట్టి పెద్ద గడ్డను లాగడమే చాలాసార్లు చిరగడానికి కారణం, కాబట్టి కోత పెద్దదైందని బాధపడొద్దు. ముందు పొట్ట అంతా వెతికి గడ్డ ఇంకెక్కడైనా చుక్కలుగా ఉందేమో చూస్తారు. పెద్దపేగును పైన, కింద స్టేప్లర్‌తో విడదీసి, దాని పోషక నాళాలను బృహద్ధమని దగ్గర కడతారు. అప్పుడు గడ్డను ముందు నుంచి ముట్టకుండానే బృహద్ధమని ముందుభాగం కనిపిస్తుంది. ఎడమ రీనల్ సిరను పైకెత్తి, దాని వెనకాల రీనల్ ధమనిని ముందు కడతారు, సిరను తర్వాత. సిరను ముందు కడితే రక్తం లోపలికి పోతూనే ఉండి కిడ్నీ, గడ్డ ఉబ్బి, ప్రతి చిన్న నాళం కారుతుంది. ఆ తర్వాత వెనుక వైపు సోయాస్ కండరం పైపొర కింద, అవసరమైతే కొంత కండరాన్నీ కలిపి, గడ్డను పక్క నుంచి మధ్యకు లేపుతారు. బృహద్ధమని పక్కన నడుము నాళాలు చిన్నవే కానీ తెగితే వెనక్కి జారిపోయి పట్టుకోవడం కష్టం. ఎక్కువ రక్తం పోయేది తరచూ అక్కడే. సోయాస్‌కూ, దాని పక్కన తుంటి ఎముక మీద ఉండే ఇలియాకస్ కండరానికీ మధ్య గాడిలో ఫిమోరల్ నరం ఉంటుంది, దాన్ని వెతికి టేపు వేసి కాపాడతారు. తొడకు, గజ్జకు స్పర్శనిచ్చే సన్న నరాలను వదులుకోవడం మామూలే, దానివల్ల తిమ్మిరి ఉంటుంది కానీ నడక చెడదు. చివరికి పేగు చివరలు కలిపి కుడతారు. మొత్తం మీద 5 నుంచి 8 గంటలు పట్టవచ్చు.

ఒక వింత సంగతి. ఎడమ రీనల్ సిరను ఐవీసీ దగ్గర కట్టేసినా ఎడమ కిడ్నీ సాధారణంగా బతుకుతుంది, అడ్రినల్, గొనాడల్ (వృషణం లేదా అండాశయం నుంచి వచ్చే), నడుము సిరల ద్వారా రక్తానికి వేరే దారి ఉంటుంది. కుడి కిడ్నీకి ఆ సౌకర్యం లేదు. ఐవీసీ గడ్డలకు ఆపరేషన్ ఆలోచించేటప్పుడు ఈ తేడానే లెక్కలోకి తీసుకుంటారు.

కొన్ని గడ్డలకు ఆపరేషన్ వద్దని చెప్పడమే నిజాయితీ. పేగులన్నిటికీ రక్తమిచ్చే సుపీరియర్ మెసెంటరిక్ ధమని మొదలును చుట్టేసినా, వెన్నుపూస లోపలికి చొరబడినా, పొట్టంతా చుక్కలుగా పరచుకున్నా, కత్తి వల్ల ఆయుష్షు పెరగదు. "వీలైనంత తీసేస్తాం" అనే మాట వినబడితే జాగ్రత్తపడండి. కళ్లకు కనిపించే గడ్డను కావాలని మిగిల్చే ఆపరేషన్ వల్ల చాలామందికి లాభం ఉండదు. పేగు అడ్డుకోవడం వంటి బాధ తీర్చడానికి, నెమ్మదిగా పెరిగే రకాల్లో, బాగా ఆలోచించి చేస్తే అది వేరు.

తర్వాత ఏం తేడా రావచ్చు? 1007 మంది మీద పెద్ద అంతర్జాతీయ కేంద్రాలు కలిపి ఇచ్చిన లెక్కలో తీవ్రమైన చిక్కులు దాదాపు 16 శాతం మందికి వచ్చాయి, నెల లోపు మరణాలు 1.8 శాతం. ఇవి రోజూ ఈ పనే చేసే చోట్ల అంకెలు అని గుర్తుంచుకోవాలి. కలిపిన పేగు కారడం, లోపల రక్తస్రావం, క్లోమం తోక కోసినప్పుడు దాని రసం కారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ముఖ్యమైనవి. నాలుగు నుంచి ఎనిమిదో రోజు మధ్య గుండె వేగం కారణం లేకుండా 110 దాటినా, జ్వరం, పొట్ట బిగుతు కలిసి వచ్చినా వెంటనే సీటీ తీయించాలి, పేగు కారుతోందేమో చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఇంటికి వెళ్లాక కూడా మొత్తం నాలుగు వారాలు కొనసాగుతుంది, నడుస్తున్నాం కదా అని ఆపొద్దు. మోకాలు మడతపడుతుంటే నరం పని మందగించిందని అర్థం. మోకాలి బ్రేసు పెట్టి, ఫిజియోథెరపీ చేయిస్తూ, మెట్ల దగ్గర మనిషి పక్కనుండాలి. ఒక్క కిడ్నీతో మిగిలినవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు జన్మలో వాడకూడదు. షుగరు, బీపీ మందుల మోతాదు కొత్త క్రియాటినిన్‌ను బట్టి మార్పించుకోవాలి.

రేడియేషన్ సంగతి. ఆపరేషన్‌కు ముందు 28 విడతల్లో 50.4 గ్రే (రేడియేషన్ కొలమానం) ఇచ్చి చూసిన స్ట్రాస్ అనే అధ్యయనంలో 266 మంది పాల్గొన్నారు, ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం మీద తేడా కనిపించలేదు. మూడేళ్లకు పొట్టలో జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్లలో 60.4 శాతం, ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్లలో 58.7 శాతం. లైపోసార్కోమాలో, అదీ తక్కువ గ్రేడు రకాల్లో, కొంత లాభం ఉండొచ్చన్న సూచన ఉంది, కాబట్టి కొందరికి ఆలోచిస్తారు. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మాత్రం సాధారణంగా వద్దు. గడ్డ ఖాళీ చేసిన చోట్లోకి చిన్నపేగులు జారి కూర్చుంటాయి, చాలినంత మోతాదు ఇస్తే అవే కాలిపోతాయి. ఎక్కువ గ్రేడు డీడిఫరెన్షియేటెడ్ అని తేలితే ముందుగా డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇవ్వాలా అని మెడికల్ ఆంకాలజిస్టును అడగండి. ఐఫాస్ఫమైడ్ కిడ్నీల మీద బరువు వేస్తుంది. రెండు కిడ్నీలు ఉన్నప్పుడు తట్టుకున్నంతగా, ఒకటే మిగిలాక చాలామంది తట్టుకోలేరు. కీమో ప్రశ్న ఆపరేషన్‌కు ముందే తేలాలనడానికి ఇదొక గట్టి కారణం.

తీసిన గడ్డను థియేటర్‌లోనే కోసి చూడకూడదు. ఏ వైపు ఏదో దారాలతో గుర్తు పెట్టి, మొత్తంగా పాథాలజీకి పంపాలి. అక్కడ గట్టి ముద్దలన్నిటిలోంచీ, సుమారు సెంటీమీటరుకు ఒక ముక్క చొప్పున చూడాలి. ఒకటి రెండు ముక్కలతో 26 సెంటీమీటర్ల గడ్డకు గ్రేడు చెప్పడం కుదరదు. పైన చెప్పిన 1007 మంది లెక్కలోనే అయిదేళ్లకు 67 శాతం మంది, పదేళ్లకు 46 శాతం మంది బతికి ఉన్నారు, ఇది అన్ని రకాలూ కలిపి. వెల్ డిఫరెన్షియేటెడ్‌కు అంతకంటే మెరుగ్గా, ఎక్కువ గ్రేడుకు తక్కువగా ఉంటుంది. తర్వాత రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి సీటీ లేదా ఎంఆర్‌ఐ తీయించాలి. అయిదేళ్లు గడిచాయని మానేయకూడదు, పదేళ్ల తర్వాత తిరిగి వచ్చినవీ ఉన్నాయి. తిరిగి వస్తే కంగారుపడి వెంటనే కోయించక్కర్లేదు. నెమ్మదిగా పెరిగేదైతే రెండు మూడు నెలల తేడాతో ఇంకో స్కాన్ తీసి వేగం చూడాలి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు కంటే వేగంగా పెరుగుతుంటే మళ్లీ కోసినా లాభం తక్కువ, అప్పుడు మందుల దారే మేలు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ఆసుపత్రి పేరు కన్నా అక్కడ సర్జికల్ ఆంకాలజీ, రక్తనాళాల సర్జరీ, సార్కోమా తెలిసిన పాథాలజీ ఒకేచోట ఉన్నాయా, కేసును ట్యూమర్ బోర్డులో (ఈ డాక్టర్లంతా కలిసి చర్చించే సమావేశంలో) పెడతారా అన్నది చూడండి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కుదిరితే ముంబైలో టాటా మెమోరియల్ అడగదగ్గ చోట్లు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలవండి. కిడ్నీ, పేగు కలిపి తీసే ఆపరేషన్ ఏ ప్యాకేజీ కింద వస్తుందో అనుమతి కాగితం పెట్టేలోపే తేల్చుకోవాలి. సర్జన్‌ను అడగాల్సినవి: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఏయే అవయవాలు తీయవచ్చు, పేగు కలపలేకపోతే పొట్ట మీద సంచి పెట్టే అవకాశం ఎంత, గడ్డ పూర్తిగా రాదని లోపల తేలితే ఏం చేస్తారు.

వెళ్లేటప్పుడు సీటీ ఫిల్ములు చాలవు, పూర్తి స్కాన్ ఉన్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ పట్టుకెళ్లండి. బయాప్సీ చేసిన చోటు నుంచి స్లైడ్లతో పాటు, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా రసీదు మీద తీసుకోండి. ఎండీఎం2 పరీక్ష ఆ బ్లాకు మీదే చేస్తారు, అది పోతే మళ్లీ సూది వేయాల్సి వస్తుంది. ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెడితే మైనం కరుగుతుంది, నీడలో ఉంచండి.